సుల్తాన్ మెడల పట్టా

ఇంతకుముందు నేను కాయితం మీద ఏదీ రాసింది లేదు. ఐదో తరగతి దాక చదివిన, ఆ తర్వాత రాసిందంటే సంతకమే. నలుగుట్ల మాట్లాడుమంటే నాకు నోరు రాదు, రాస్తేనన్న వస్తదేమో అని చూస్తున్న. అయితే 'నేను, నేను' అని రాసుకుంట పోవాలంటె సిగ్గయితుంది. అందుకని నా పేరు తీసేసి వినోద అని పెట్టిన. ఆమె లక్ష్మీరాజం సేటు కార్ఖానల కండెలకు దారం చుడుతది. ఇగ ఆమె ముచ్చటే రాస్త.

ఆ వారమంతా కరెంటోళ్లు తీగెల మీదికొచ్చిన కొమ్మలు కొట్టిస్తుండ్రు. పగటి బువ్వ తిన్న కొద్దిసేపటికే కరెంటు పోయేది. కరెంటు పోతె గల్లీల నేత సాంచలన్నీ ఒక్కసారే ఆగుతయి. బట్ట నేసే గల్లీల పెరిగినోళ్లకు సాంచల సప్పుడు వినవడది, అది ఆగితేనే వినవడ్తది. తొట్టెల పండుకున్న పిల్లలు గూడ ఉలిక్కిపడి లేస్తరు. పనోళ్లంత తలల మీది దూది దులుపుకుంట బయటికొచ్చి కమలవ్వ చాయ్ హోటల్ ముందట బల్లల మీద కూలవడ్తరు. వాళ్ల ఎనుకనే, ఒళ్లు విరుచుకుంట, కార్ఖానల ఉండే కర్రె కుక్క వస్తది. మనుషులు చాయ్‌ల ముంచి తినే బన్నుల ముక్కలు రాలుతయని దానికి ఎరుకే.

వినోద మాత్రం బల్ల మీద కూసోదు. కండెల గంప ఒళ్లె పెట్టుకొని, కార్ఖాన కడప మీద ఓరకు కూసుంటది. అయిపోయిన కండెలకు మిగిలిన పోగు గుంజి తీసే పని ఉంటది, దానికి కరెంటు అక్కర లేదు. ఆమెకు మనుషుల మొఖం చూసి మాట్లాడుడు చిన్నప్పటి సంది అలవాటు లేదు. కార్ఖానల కండెలు చుట్టే చరఖా గూడ గోడ దిక్కే పెట్టుకున్నది, వచ్చిపోయేటోళ్లు పలకరియ్యొద్దని.

ఆ రోజు లక్ష్మీరాజం సేటు కుర్సీ ఏసుకొని నడిమిట్ల కూసున్నడు. చేతుల రిమోట్ ఉన్నది. దుబాయికెళ్లి వచ్చిన అల్లుడు ప్రణయ్ తెచ్చి ఇచ్చిన సామాను అది. కుక్క మెడకు నల్ల పట్టా కట్టాలె, దానికి చిన్న డబ్బ ఉంటది, డబ్బకు రెండు ఇనుప బొడిపెలు ఉంటయి. ఇక్కడ రిమోట్ నొక్కితె అక్కడ కుక్క మెడకు కరెంటు కొడ్తది. నంబర్లు ఒకటి కాంచి వంద దాక, నంబరు పెరిగిన కొద్ది దెబ్బ పెరుగుతది. ప్రణయ్ ఉత్తగనే తెచ్చిండు గాని, సేటు మాటలల్ల అది ఒక షేకు తన చేతితోని మూటగట్టి పంపింది.

"నేను చేసింది ఏమంత పెద్ద పని గాదు," అని సేటు మొదలువెట్టిండు. "గీ కుక్క మడతవెట్టిన బట్ట తాన్ల మీద పండుకునేది. నేసిన బట్టకు బొచ్చు అంటుతుంటె కొనేటోడు వాపస్ పంపిండు. పట్టా కట్టిన, పది నంబరు మీద ఒక్కసారి నొక్కిన, దిగింది. అంతే. ఇప్పుడు తాన్ల దిక్కు చూడాల్నంటె నన్ను అడిగి చూస్తది."

రాంచందర్ సేటుకు బామ్మర్ది అయితడు. బావను ఆటపట్టిచ్చుడు అతనికి హక్కు. "నోటితోనే అడుగుతదా, బావా?" అన్నడు.

"కండ్లతోని. నీకు గా భాష రాదు, నువ్వు జర చాయ్ తాగు."

అని సేటు రిమోట్ ఎత్తి నొక్కిండు. గప్పుడే కమలవ్వ మాడిన బన్ను ముక్క ఇసిరింది. కుక్క లేచి ఉరికింది. "చూసిండ్రా," అన్నడు సేటు. అందరు చూసిండ్రు. బన్నును గూడ చూసిండ్రు.

కడప మీద వినోద గంపను ఇంక దగ్గరికి గుంజుకున్నది. ఎందుకంటె ఆ పట్టా కుక్క మెడకు లేదు. ఆమె ఒళ్లె, గంపల, కండెల అడుగున ఉన్నది.

రాత్రి పట్టా ఇప్పి చార్జింగు పెట్టి, పొద్దుగాల మల్ల కట్టే పని సేటు ఆమెకే చెప్పిండు. మాట్లాడని మనిషి, చెప్పింది చేస్తది అని. మొదట్ల సేటు ఎవరు కనవడ్తె వాళ్ల ముందట నొక్కెటోడు. కుక్క కుయ్యిమని ఒర్రి, దారం చుట్టిన బీముల సందుల దూరి మాపటిదాక బయటికి రాకపోయేది. దాన్ని వినోద కర్రోడు అంటది, సుల్తాన్ అని పేరు పెట్టింది సేటు. నాలుగొద్దుల కింద పట్టా కట్టబోతె కర్రోడు ఆమె ఒళ్లె తల పెట్టి కండ్లు మూసుకున్నడు. కురుచ బొచ్చు కింద బొడిపెలు ఆనిన కాడ రెండు పుండ్లు, చీము. ఆమెకు చెయ్యి రాలే. తెగిన సాంచ బెల్టు ముక్కొకటి కోసి, దానికి విరిగిన కండె డబ్బ లెక్క కట్టి, వదులుగ మెడకేసింది. కర్రె కుక్క, కర్రె బెల్టు. ఎవ్వరు గుర్తువట్టలే. తెలిస్తె పని పోతదని ఆనాటి సంది ఆమెకు బువ్వ సయిసలేదు.

సేటు ఇగ ఊపందుకున్నడు. తాన్ల ముచ్చట చిన్నదట, అసలు సుల్తాన్ తెలివి సాంచల కాడ చూడాల్నట. పోగు తెగితె మనిషి చూసేవరకు గజం బట్ట ఖరాబయితది గాని, సుల్తాన్‌కు పోగు తెగక ముందే ముక్కుకు వాసన వస్తదట. ఒకటో సాంచ అయితె ఒక్కసారి మొరుగుతది, రెండోదయితె రెండుసార్లు, అట్ల దానికి లెక్క నేర్పిండట.

ఎనిమిది సాంచలు నడిపే కుమార్ అడిగిండు, "ఎనిమిదో సాంచ ఆగితె ఎనిమిదిసార్లు మొరుగుతదా సేటూ?"

"మొరిగేది. గొంతు నొస్తుందని నేనే మార్పిచ్చిన. ఎనిమిదోదానికి తోక ఊపుతది. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? మొరిగి మొరిగి దానికే ఇసుగొచ్చింది. నువ్వొచ్చేదాక ఎందుకు ఆగాలె అని, ముందరి కాళ్లు సాంచ మీద పెట్టి, తెగిన పోగు రెండు కొసలు నాలికతోని తడి చేసి, పండ్లతోని ముడేసింది. నేను అద్దం పెట్టి చూసిన. మా బాపు ఏసిన ముడి గూడ గంత సన్నగ ఉండకపోయేది."

"మీ బాపు నాలిక గూడ గంత పొడుగు లేకపోయేది బావా," అన్నడు రాంచందర్.

సేటు ఇనలే. ఇనుడు ఆయన అలవాటుల లేదు. మొన్న రాత్రి తాను ఇంట్ల మంచం మీద పండుకొని, రిమోట్ చాతి మీద పెట్టుకొని, ఒక్కో సాంచకు ఒక్కో నంబరు నొక్కుకుంట పోయిండట. కార్ఖానల సుల్తాన్ ఒక్కటే ఎనిమిది సాంచలు నడిపిందట. కండె అయిపోతె కండె మార్చిందట, నూనె అయిపోతె నూనె పోసిందట, తెల్లారి చూస్తె తాన్లు మడతవెట్టి వరుసకు పేర్చి ఉన్నయట.

"గదాని గుణం గూడ చూడుండ్రి. పండుగకు బోనసు అడగది. కూలి పెంచుమని జెండ పట్టది. బీడీకని గంటకోసారి బయటికి పోది. మనిషికి గూడ గిట్లాంటి పట్టా ఒకటి వస్తె మన గల్లీ బాగుపడ్తది."

అప్పటిదాక నవ్విన బల్ల మీద నవ్వు తగ్గింది. కుమార్ గిలాస కింద పెట్టిండు. రాత్రంత నిద్రలేక అతని కండ్లు ఎర్రగున్నయి.

"మొన్న రాత్రి డ్యూటి నాది సేటూ. నేనెక్కడున్న మరి?"

"నువ్వు పండుకున్నవ్ బిడ్డా. నిన్ను లేపాల్నా అని సుల్తాన్ నన్ను అడిగింది. పండనీ, అలిసిండు పాపం అన్న."

కమలవ్వ చాయ్ వడవోసుకుంట, ఎనిమిది సాంచలు నడిపేటోడు నిద్ర గూడ పోతడా అని లోపటలోపట అనుకున్నట్టు అన్నది. సేటు అది గూడ ఇనలే. ఆయన అప్పటికే ముచ్చటల రైలెక్కిండు. కిందటి నెల నూలు తెద్దామని మహారాష్ట్ర దిక్కు పోతె, బల్హార్షా స్టేషన్ల పూరి తినుకుంట ఎందుకో యాదికొచ్చి రిమోట్ నొక్కిండట. ఇక్కడ గల్లీల గదే నిమిషానికి సుల్తాన్ లేచి కార్ఖాన తలుపు మూసి గొళ్లెం పెట్టిందట. మంచిర్యాల దాటితె తన ఫోనే పలకదని రాంచందర్ అన్నడు. ఫోను టవర్ మీద నడుస్తది, ఇది నమ్మకం మీద నడుస్తది అన్నడు సేటు. ఈ సంగతి తెలిసి దుబాయి షేకు ఫోన్ చేసి ఏడ్చిండట, తన ఒంటెలకు గూడ ఇంత బుద్ధి రాలేదని.

"మూగజీవికి నొస్తదేమో సేటూ," అన్నది కమలవ్వ.

"నొచ్చుడా? నేను కట్టి చూడకుండనే దానికి కడ్తనా? నా మెడకు నేనే కట్టుకున్న, వంద మీద పెట్టుకొని నొక్కుకున్న. కన్ను మూయలే. కితకితలు పెట్టినట్టయింది, నవ్వు ఆపుకునుడే కష్టమైంది." అని కుక్క దిక్కు చూసి గొంతు పెంచిండు. "గిన్నొద్దులు తక్కువ నంబరు మీద ఆడిచ్చిన. రేపు పొద్దుగాల నేనే నా చేతితోని ఆఖరి బెజ్జానికి బిర్రుగ కడ్త, వంద మీద పెడ్త. పొరుగు గల్లీ సేట్లను పిలిచిన, వాళ్ల ముందట సుల్తాన్‌తోని సాంచ నడిపిస్త. ఇగ పట్టా రాత్రి గూడ ఇప్పేది లేదు."

వినోద చేతిల పోగు తెగింది. బల్ల కింద కర్రోడు, పేరు వినవడ్డదని తోక నేలకు కొట్టిండు. ఆ పుండ్ల మీద ఆ బొడిపెలు బిర్రుగ. వంద మీద. రాత్రి పగలు.

ఆమె గంప పట్టుకొని లేచింది. కడప దిగింది. బల్ల దాక నాలుగడుగులే గాని ఆమెకు ఊరు దాటినంత అయింది. కండెలు పక్కకు జరిపి, అడుగుకెళ్లి పట్టా తీసి, చాయ్ గిలాసల నడుమ పెట్టింది. ఆమె గొంతు ఎట్లుంటదో అక్కడున్న సగం మందికి తెల్వది.

"సేటూ, పట్టా నాలుగొద్దుల సంది నా గంపల ఉన్నది. కర్రోని మెడకున్నది సాంచ బెల్టు ముక్క."

కుమార్ కిందికి ఒంగి కుక్క మెడ తడిమి, బెల్టుకు కట్టిన కండెను అందరికి చూపెట్టిండు. పుండ్లు గూడ చూపెట్టిండు.

సేటు రిమోట్ బల్ల మీద పెట్టి పట్టా చేతులకు తీసుకొని అటు ఇటు తిప్పిండు. ఆఖరికి గొంతు సవరిచ్చుకొని, "అగో, గదే చెప్తున్న. నా రిమోట్ తాకత్ గట్లాంటిది. పట్టా లేకున్న పని చేస్తది," అన్నడు.

"ఉన్నప్పుడు ఎట్ల చేస్తదో గూడ చూద్దాం," అని రాంచందర్ బల్ల మీది రిమోట్ అందుకున్నడు. "బొడిపెలు నీ అరచేతికే ఆనుకొని ఉన్నయి బావా. వంద మీద పెట్టిన. కితకితలంటివి గద, జర మేమూ నవ్వుతం."

"ఏయ్, దాంట్ల చార్జింగు ఉండది," అన్నడు సేటు.

"రోజు పెడుతున్న సేటూ," అన్నది వినోద మెల్లగ. "నువ్వు చెప్పినవని."

రాంచందర్ బొటనవేలు లేపిండు. సేటు కెవ్వుమని ఒర్రి పట్టాను ఇసిరికొట్టిండు. అది పోయి కమలవ్వ గిలాసలు కడిగే బకీట్ల బుడుంగున పడ్డది. సేటు కుర్సీతో సహా ఎనకకు ఒరిగి, ఎడమ చేతితోని కుడి చేతిని పట్టుకొని ఊదుకుంటుండు.

"నేనింక నొక్కలేదు బావా," అన్నడు రాంచందర్.

ఆ నవ్వు గల్లీ కొస దాక పోయింది. కుమార్ ఒక్కడే నవ్వలే. లేచి, లుంగి దులుపుకొని, మర్యాదగనే అడిగిండు. "సేటూ, ఇయ్యాల రాత్రి డ్యూటికి నేను రావాల్నా, సుల్తాన్ చూస్కుంటదా?"

సేటు ఏదో జవాబిచ్చిండు. గప్పుడే కరెంటొచ్చింది, సాంచలన్నీ ఒక్కసారే అందుకున్నయి. ఆయన పెదవులు కదులుడు కనవడ్డది గాని మాట వినవడలే.

తెల్లారి గల్లీల అడుగుపెట్టంగనే వినోదకు సేటు గొంతు వినవడ్డది. హోటల్ కాడ ఎవరికో చెప్తుండు. పట్టా ఇప్పుమని వినోదకు సైగ చేసింది తానేనట, చదువు పూర్తయిన కుక్కకు పట్టా ఎందుకని. ఆమెను పనికి రమ్మనలే, పొమ్మనలే. పొరుగు గల్లీ సేట్లు మాత్రం రాలే.

ఆమె ఇంటికెళ్లి తెచ్చిన పసుపు నూనె కర్రోని మెడకు రాసింది. బెల్టు ముక్క తీసి పారేసింది. సిమెంటు నేల సల్లగుంటదనే వాడు తాన్లెక్కుతుండె, అందుకని ఒక గోనెసంచి నాలుగు మడతలు పెట్టి చరఖా పక్కన పరిచింది. వాడు చుట్టూ తిరిగి చూసి, దాని మీద ముడుచుకున్నడు. నంబరు అక్కర రాలే.

ఆమె, ఆమె అని రాసిన గాని ఇదొక్కటి నా పేరు మీదనే రాస్త. ఆ తర్వాత చరఖాను గోడ దిక్కుకెళ్లి ఎత్తి, తలుపు దిక్కు మొఖం వచ్చేటట్టు పెట్టుకొని కూసున్నది నేనే.