చెయ్యి ఉరకకుండా

ఒమాన్‌లోని సలాలాలో ముసురు పట్టింది. డప్పుల పోటీలో తమ వంతు రాబోతుంటే, చెమ్మకు మెత్తబడిన డప్పును మంట దగ్గర కాగబెడుతున్నాడు లింబాద్రి. పక్కనే జట్టు పెద్ద భూమయ్య.

"ఇందాక సాధన చేసేటప్పుడు దరువు తప్పినవ్. ఏమైందిరా?"

"పొద్దుగాల బిడ్డ పుట్టిందన్నా. పెండ్లైన తొమ్మిదేండ్లకు. సంతోషానికి చెయ్యి ఉరుకుతున్నది."

"నువ్వు ఉరికితే పదిమందిమి ఆగమైతం. ఆ సంతోషాన్ని కాళ్లల్లకు దించు. అడుగు నీ ఇష్టం. చెయ్యి మాత్రం నా దరువు వెంబడే రావాలె."

"మనసంత జగిత్యాల దవాఖానల ఉన్నదన్నా."

"ఉండనీ. చెవులు ఈడ పెట్టు."

వాళ్లు వేదిక ఎక్కేసరికి కొండల మీది తెల్లటి మబ్బు దాని మీదికి దిగింది. జనం కనబడలేదు. లింబాద్రికి భూమయ్య దరువొక్కటే వినబడింది. కాళ్లు నేలకు ఆనినట్టే లేదు, చెయ్యి మాత్రం తొణకలేదు.

తమ జట్టుకు రెండో బహుమతి ప్రకటించేసరికి అతను ఫోన్‌లో ఉన్నాడు.

"ఏమంటున్నదిరా మరదలు?"

"మనోళ్లు వీడియోల చూపిచ్చిండ్రట. బిడ్డను పక్కల పండవెట్టుకొని మొత్తం చూసిందట."

"మరి బిడ్డ?"

"కదలకుండ నిద్రపోయిందటన్నా."

భూమయ్య నవ్వాడు.

"అంత సప్పుడుల పసిపిల్ల ఉలిక్కిపడలేదంటే, నువ్వు ఒక్క దెబ్బ గూడ తప్పలేదురా."