తాండూరు దొర జర్మనీ కారు

దొర కారు ఇవ్వలేదు కాబట్టే తన భార్య ఎడ్లబండి మీద చచ్చిపోయింది. పాత డ్రైవరు మనసులో ఆ మాటకు తిరుగు లేదు. పన్నెండేళ్లుగా కదలని ఆ జర్మనీ కారును బాగు చేయమని దొర కొడుకు హైదరాబాదు మేస్త్రీని పిలిపించాడు. మేస్త్రీ కబురు పంపితే డ్రైవరు దొర గడిలో కారుండే కొట్టంలోకి వచ్చి నిలబడ్డాడు.

"చూడు మామా, కొత్త రంగేసిన. తోలు సీట్లు మళ్ల కుట్టించిన. పెండ్లికొడుకు లెక్కున్నది!"

"ఆ సీట్లకు నెత్తురంటుతదనే దొర వద్దన్నడు."

"ఎవరి నెత్తురు?"

"నా పెండ్లాంది. కాన్పు కష్టమైంది. తెల్లారితే గాని రైలు లేదు. బండి కట్టుకోని వికారాబాదు దవాఖానకు పోతుంటే, ధారూరు రాకముందే పోయింది."

"అయ్యో మామా, నాకు తెల్వదు."

"తెల్వకపాయె. నన్నెందుకు పిలిచినవ్?"

"ఇంజన్ల తిరిగే చిన్న ముక్కొకటి లేదు. అది లేక స్టార్టు అయితలేదు. పట్నంల దొరకలే. నువ్వేమన్న చూసినవా?"

"నేనే తీసిన. కారును దొంగలెత్తుకపోకుండ రోజూ రాత్రి అది తీసి మొలతాడుకు కట్టుకునేటోన్ని."

"ఆ రాత్రి గూడ నీ మొలకే ఉండెనా?"

"ఉండె."

"మరి కారెందుకు తీయలే మామా?"

"దొర వద్దన్నడు."

మేస్త్రీ చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు.

"ఇప్పుడు ఆ ముక్క ఏడున్నది?"

"ఆమె పిడికిట్ల పెట్టి మన్నేసిన. ఇగ ఈ ముచ్చట నన్నడగకు. నేను సచ్చేదాక మళ్ల మాట్లాడ."