మడమ కింద మోత

నంద్యాలలో ఒక ఆస్పత్రి, 1999. పక్షవాతం వచ్చినోళ్లకు నడక నేర్పించే గది. ఆళ్లగడ్డ చెన్నకేశవులు, ఆయన భార్య సుగుణమ్మ, ఫిజియోథెరపిస్టు లక్ష్మీప్రసన్న.

“మునివేళ్లు కాదు పెద్దాయనా, మడమ. ముందు మడమ ఆనించు. చెప్పులో ఆడనే బిళ్ల పెట్టినా. బరువు పడితే కీచుమని సన్నగా మోగుతాది.”

“ఆనిస్తానే ఉండా కదమ్మా!”

“అద్దో, మోగె! అట్లే ఇంగొకటి.”

“యాడ మోగింది? ఊరికే చెప్పాకు.”

“మోగింది పెద్దాయనా.”

“పక్షవాతం వచ్చింది కాలికి, తలకాయకు కాదు. చంటిబిడ్డకు చెప్పినట్ల చెప్తాండావ్.”

“ఏమయ్యా, ఆ యమ్మ మీద యాల ఎగురుతావు? నేనూ వింటిని.”

“నువ్వు మాట్లాడాకు సుగుణా! ఇద్దరూ కూడబలుక్కున్యారు. రోజూ మోగె, మోగె. బస్సులో నన్ను మూట మాదిరి ఎక్కించేది, దించేది, ఈడికొస్తే ఈ అబద్ధం!”

“సరే, మోగలేదనుకో. ఇంగొకసారి—”

“వద్దు. ఇప్పు ఈ చెప్పు. ఇప్పమంటాండా!”

“కదలాకు పెద్దాయనా! అట్లే నిలబడు.”

“ఏందీ నిలబడేది?”

“బరువంతా ఆ కాలి మీదనే ఉండాది. మోగుతానే ఉండాది, విను.”

“ఏమి వినేది? ఫ్యాను మోత తప్ప ఏమీ లేదీడ!”

“…అక్కా, ఈయనకు చెవులు?”

“మాట వినపడుతాది కదమ్మా. బేతంచర్లలో బండలు కోసే మిషన్ కాడ వయసంతా పని చేసినాడు. కొంచెం గట్టిగా మాట్లాడల్ల, అంతే.”

“సన్న శబ్దాలు?”

“సన్నయంటే… పిచ్చికలు. మనింటికి పిచ్చికలు రావడం మానేసినాయి అంటాంటాడు. వస్తానే ఉండాయమ్మా. నేను పట్టించుకోలే.”

“యాల చెప్పలేదు పెద్దాయనా?”

“ఏమి చెప్పేది? వినపడనిది, వినపడలేదని నాకెట్ల తెలుస్తాది?”

“…తప్పు నాదే. అడగాల్సింది. అక్కా, ఇట్ల రా. ఆయన భుజం మీద చెయ్యి పెట్టు. మోగితే తట్టు. లేకుంటే తట్టాకు.”

“తట్టనా అయ్యా?”

“మోగితేనే. జాలిపడి తట్టాకు.”

“పడనులే. ఎయ్యి అడుగు. …లేదు. మునివేళ్లే పడినాయి.”

“ఊఁ.”

“లేదు. …ఆఁ! ఇద్దో!”

“ఉండు, ఇంగొకటి.”

“ఇద్దో! ఏమయ్యా, యాల నిలిచిపోతివి? నొప్పా?”

“సుగుణా… ఇందాక ఆ యమ్మ మోగె అన్నది, నిన్న అన్నది, మొన్న అన్నది… అవన్నీ నిజంగా నేను నడిచిన అడుగులేనా?”