ముందు వరుస మర్యాద

హలో… ఆ, నేనేనమ్మా, ఫానస్ బాబాయ్‌ని. నిన్న మా ఊళ్లో నీ కచేరీ పెట్టించినవాణ్ణి…

పెట్టెయ్యకు, కార్లీన్. విమానానికి ఇంకా పిలవలేదుగా?… మంచిది. రెజైనా విమానాశ్రయంలో కాఫీ ఎలాగూ బాగుండదు. అది చల్లారేలోపు నా విన్నపం ముగిస్తాను.

ముందుగా ఒక సత్యం నివేదించుకోవాలి. మానవజాతి సాధించిన నాగరికత యావత్తూ కుర్చీ పక్కన కుర్చీని తిన్నగా వేయడంలో ఇమిడి ఉంది…

లేదు తల్లీ, వేళాకోళం కాదు. నిన్నటి అనర్థానికి మూలం ఆ నాగరికతే. కుర్చీలు వేసింది నేను.

…

చూశాను. పొద్దున లేవగానే నీ సందేశమే చూశాను. వచ్చే ఏడాది కెనడా పర్యటనలో మా ఊరు ఉండదని… ఎంతో మర్యాదగా రాశావు. అందుకే భయం వేసింది. తిట్టి ఉంటే కాస్త ధైర్యంగా ఉండేది.

… చప్పట్లా. ఆ, అక్కడికే వస్తున్నాను.

నువ్వు కేప్‌టౌన్ పిల్లవి. అక్కడ జనం చేతిలో గ్లాసుతో నిలబడి వింటారు. ఇక్కడ, దక్షిణాఫ్రికా వదిలి వచ్చిన మనవాళ్లం పదిమందిమి ఒకచోట చేరేది చర్చికే. అద్దెకు దొరికింది చూడబోతే లుథరన్ చర్చివాళ్ల హాలు. గోడకు శిలువ. నేను పోయి కుర్చీలు వరుసల్లో వేశాను, మధ్యలో దారి కూడా వదిలాను… ఇంకేముంది? లోపలికొచ్చిన ప్రతివాడూ టోపీ తీశాడు. గొంతు తగ్గించాడు. ఆదివారం మొహం పెట్టుకుని, పోయి వెనక కూర్చున్నాడు. ఇక చప్పట్లు ఎవడు కొడతాడు, ప్రార్థనలో?

…

తల వంచుకుని నిలబడ్డారంటావు. అవును, నీ ఆఖరి పాట కాగానే. అది నిన్ను చూడలేక కాదమ్మా… ఆశీర్వచనం కోసం.

… నువ్వే. నువ్వే ఇస్తావనుకున్నారు. నువ్వేమో గిటారు పట్టుకుని పక్క గదిలోకి వెళ్లిపోయావు. పాపం డాక్టర్ వెసెల్స్ కాసేపు ఎదురుచూశాడు. ఇక లాభం లేదని, భోజనం ముందు చెప్పే ప్రార్థన తనే చెప్పేశాడు. ఆమెన్ అన్నాక మనవాళ్లను ఎండుమాంసం నుంచి ఆపగల శక్తి ఏ సంగీతానికీ లేదు…

నవ్వుతున్నావా, ఏడుస్తున్నావా?… సరేలే, చెప్పకు. ఫోనులో రెండూ ఒకలాగే ఉంటాయి.

… ముందు వరుస దాదాపు ఖాళీగా ఉందంటే, అది నీకు జరిగిన సన్మానం! మన చర్చిలో ముందు బల్ల సంఘపెద్దలది. ఇంకొకడు కూర్చుంటే ఊరంతా వారం రోజులు చెప్పుకుంటుంది. మీ తాతగారి ఊళ్లో కూడా అంతేగా?… చూశావా. మరి నిన్న ఆ హాల్లో పెద్ద అనదగినవాణ్ణి నేనొక్కణ్ణే. సస్కాచెవాన్ ఆఫ్రికాన్స్ నవ్యసంగీత పోషక సంఘాధ్యక్షుణ్ణి.

… కార్యదర్శి డాక్టరు. సభ్యులంటే… డాక్టరుగారి భార్య. ఆవిణ్ణి అడక్కుండానే చేర్చాం. ఇంతవరకు తెలియనట్టే ఉంది.

గిటారు శ్రుతి నిలవలేదా?… గమనించాను. ప్రతి పాటకు ముందూ తీగలు బిగించుకుంటూనే ఉన్నావు. ఫిబ్రవరి కదా. ఇక్కడి చలిగాలి అలాంటిది.

…

అబద్ధం చెప్పను. వాళ్లకు కొత్త పాటలు అక్కర్లేదు. జంటలు కట్టి గిరగిరా తిరుగుతూ ఆడడానికి పాతవి చాలు. లారీ నడిపే గావీ నిన్న నా చెవిలో అడిగాడు, ఈ పాటకు ఏ కాలు ముందు వెయ్యాలి బాబాయ్ అని. కాళ్లు ఇంట్లో పెట్టి రావలసిన పాటరా ఇది అన్నాను. అయినా ఆఖరిదాకా కూర్చున్నాడు కదా…

నాకా?

… కొత్త పాటలు నాకెందుకంటే…

…

పాత పాటలు నాకు కంఠతా వచ్చు, కార్లీన్. అవి వింటుంటే మాట్లాడేది నేనే అనిపిస్తుంది. నీ పాటల్లో నాకు తెలియని మాటలున్నాయి. మన భాషే, ఆఫ్రికాన్సే… అయినా తెలియవు. నేను ఇటు వచ్చేశాక పుట్టిన మాటలు. అంటే అక్కడ ఇంకా ఎవరో మాట్లాడుకుంటున్నారన్న మాట. నేను లేకుండానే…

బాధా? లేదు తల్లీ. చిన్నప్పుడు పక్కగదిలో పెద్దవాళ్లు మాట్లాడుకుంటుంటే నిద్రపట్టేది చూడు… అలా ఉంటుంది.

… ఇంట్లో ఎవరూ లేరు. మా ఆవిడ అన్నెమీ పోయాక ఎవరూ లేరు. కుక్క ఉంది. అది ఇక్కడ పుట్టింది. మన భాషలో కూర్చోమంటే నిలబడి నా మొహంలోకి చూస్తుంది.

అందుకని… ఏడాదికి ఒక్క సాయంత్రం అడుగుతున్నాను. రికార్డులో కాదు. మనిషి నోట. ఎదురుగా కూర్చుని.

…

ముందు వరుసలో ఒక్కడా? కోటు, టోపీ… ఆ. నేనే అతను.

… కోపమా? నాకా? చేతులు కట్టుకుని కూర్చోలేదమ్మా. చప్పట్లు కొట్టాను. ప్రతి పాటకూ కొట్టాను. అధ్యక్షుడికి ఆ మినహాయింపు ఉంది…

వినబడదు. చేతులకు ఉన్ని తొడుగులు వేసుకున్నాను కదా.

… హాల్లోపల తొడుగులెందుకా? అది పదవికి తగిన హుందాతనం అనుకో.

… టోపీ కూడా అంతే.

… పిలుస్తున్నారా? నీ విమానానికేనా? వెళ్లు, వెళ్లు… వచ్చే ఏడాది సంగతి ఒక్క ముక్క చెప్పి వెళ్లు. వస్తావా, రావా?…

'చూస్తాను' అంటే మనవాళ్లలో రాననే కదా.

…

కుర్చీలా? తీసేస్తాను. గుండ్రంగా వేస్తాను. నువ్వు ఎలా అంటే అలా… ఏంటి? నువ్వు వెనకవైపు నిలబడి పాడతావా? కుర్చీలన్నీ అటు తిప్పాలా? ఎందుకమ్మా, వేదిక ఇటుంటే?…

… హీటరా. దాని ప్రస్తావన ఇప్పుడు…

సరే. సరే తల్లీ, పెట్టెయ్యకు, చెబుతాను. ఆ హాలుకు ఒక్కటే ఉంది.

వెనక గోడకు.