అక్కకు రాసిన నూట పదహారు వాటాలు

నా పేరు కొత్తపల్లి గణేష్‌బాబు. తండ్రి పేరు పెద్దిరాజు. వయసు ముప్పై నాలుగు. ఉండేది రాజమండ్రి, లాలాచెరువు దగ్గర. వృత్తి ఏమిటని ఎస్సై గారు అడిగితే డ్రైవర్‌నన్నాను. కాగితాల్లో కంపెనీ డైరెక్టర్ అని ఉందే అన్నారు. రెండూ నిజమే కాబట్టి రెండూ రాసుకోమన్నాను. ఈ మాటలు చెబుతూ ఇప్పటికి రెండుసార్లు కుర్చీలోంచి లేచాను. భయంతో కాదు. ఉత్త కుర్చీలో కుదురుగా కూర్చోవడం నాకు చేతకాదు.

మా అక్క రామతులసి భర్త, అంటే మా బావగారు ఉదయ్‌భాస్కర్ గారు, కంపెనీ కారును నేను దొంగిలించానని ఈ రోజు ఉదయం ఫిర్యాదు ఇచ్చారు. ఇంకా కేసు కట్టలేదు, ముందు నా మాట వింటామన్నారు. దొంగతనం కేసు కడితే నాకు పోలీసు వెరిఫికేషన్ రాదు. అది లేకపోతే ఏ క్యాబ్ యాప్‌లోనూ నన్ను డ్రైవర్‌గా ఉంచరు. నాకు వచ్చిన పని ఇదొక్కటే.

నేను తొమ్మిదేళ్లుగా కారు నడుపుతున్నాను. మొదట వేరేవాళ్ల కారు, తర్వాత నా సొంత కారు, యాప్‌లో పెట్టి తిప్పాను. కడియం నర్సరీల వాళ్లు మొక్కలు కొనడానికి వచ్చే పెద్ద పార్టీలను మధురపూడి ఎయిర్‌పోర్టు నుంచి తీసుకురమ్మని నన్నే పిలిచేవారు. కాంట్రాక్టు పనిగా మాట్లాడుకుందామంటే మాత్రం, "కంపెనీ పేరు మీద బిల్లు ఇవ్వగలవా?" అనేవారు. ఆ మాట విని విని నాకే ఒక కంపెనీ పెట్టాలనిపించింది. ఆడిటర్ జ్ఞానప్రకాశం గారి దగ్గరికి వెళ్లాను. ప్రైవేట్ లిమిటెడ్ అయితే ఇద్దరుండాలి, రేపు ఏదైనా నష్టం వచ్చినా అది కంపెనీ వరకే, నీ ఇంటి మీదికి రాదు అని ఆయన చెప్పారు. నా భార్య లావణ్యది ప్రభుత్వ ఉద్యోగం, ఆమెను ఇందులోకి లాగవద్దన్నారు. రెండో మనిషిగా మా అక్క పేరు చెప్పాను. వేరే ఎవరి పేరూ నాకు తోచలేదు.

వాటాలు రాసే రోజున మా అమ్మ అమ్మణ్ణి కూడా వచ్చింది. మొత్తం పదివేల వాటాలు, చెరి సగం అన్నాను. మా అమ్మ ఒప్పుకోలేదు.

"ఆడపడుచుకి సున్నాతో ఆగిపోయే లెక్క ఇస్తారేంట్రా? నూట పదహార్లు కలుపు" అంది.

"ఇది పెళ్లి చదివింపు కాదమ్మా, వాటా. సగం దాటితే పెత్తనం అటు పోద్ది" అని ఆడిటర్ గారు నవ్వారు.

"పోతే ఎవరికి పోద్దండీ? మా అక్కకే గదా. రాసేయండి" అన్నాను.

అలా అక్కకు ఐదువేల నూట పదహారు, నాకు నాలుగువేల ఎనిమిది వందల ఎనభై నాలుగు. ఆడిటర్ గారు నాకు అర్థమయ్యేలాగే చెప్పారు. తెలియక సంతకం పెట్టానని చెబితే నీకు లాభమని ఒక వకీలు నాకు ఫోన్లో సలహా ఇచ్చారు. అలా చెప్పను. తెలిసే పెట్టాను. పసుపు కుంకుమ కింద ఇచ్చినది వెనక్కి అడిగే ఇల్లు కాదు మాది.

కంపెనీకి రామతులసి రైడ్స్ ప్రైవేట్ లిమిటెడ్ అని పేరు పెట్టుకుని, నా కారును దాని పేరు మీదికి మార్చాను. ఆ రోజు నాకు చాలా గర్వంగా ఉంది. ఇల్లు అలకగానే పండగ కాదని మా నాన్న అంటూనే ఉన్నాడు.

మా బావగారికి కడియపులంకలో పూలకుండీల దుకాణం ఉంది. అంతకుముందు మా ఇంటివైపు చూసేవారు కాదు. కారు కంపెనీదయ్యాక తరచుగా రావడం మొదలుపెట్టారు. కంపెనీ అన్నాక పద్ధతిగా ఉండాలనేవారు. ఒక రోజు సత్తియ్య అనే డ్రైవర్‌ను వెంటబెట్టుకొచ్చారు. "నువ్వు డైరెక్టర్‌వి. డైరెక్టరే డోర్ తీసి నిలబడితే పార్టీల దగ్గర పరువేం ఉంటది? సత్తియ్య నడుపుతాడు, నువ్వు చూసుకో చాలు" అన్నారు. ఏం చూసుకోవాలని అడిగాను. చెప్పలేదు. నేను ఒప్పుకోకపోతే మీటింగ్ అని ఒకటి పెట్టించారు. కారు తాళాలు ఉదయ్‌భాస్కర్ గారి దగ్గర ఉండాలి, సత్తియ్య నడపాలి అని తీర్మానం రాశారు. నేను కాదన్నాను. మా అక్క తలవంచుకుని సంతకం పెట్టింది. ఆమె వాటా ఎక్కువ కాబట్టి అదే నెగ్గింది.

అప్పటి నుంచి నాకు ఇంట్లో కాలు నిలవలేదు. కాలు కాలిన పిల్లిలా వీధి చివరికీ ఇంటికీ తిరిగాను. సోఫాలో కూర్చుంటే కుడికాలు దానంతటదే నేలను నొక్కేది. బ్రేకు ఎందుకు వేస్తున్నావని లావణ్య అడిగింది. యాప్‌లో నా ఐడీ ఇంకా ఉంది, నడపడానికి కారు లేదు. కోపం మా బావగారి మీద. అక్క మీద కోపం రావడం లేదని ఇంకో కోపం.

ఈ రోజు, గురువారం, ఉదయం తొమ్మిది దాటాక బస్సులో కడియపులంక వెళ్లాను. గొడవకు కాదు, కారును ఒకసారి చూద్దామని వెళ్లాను. దుకాణం ముందు ఎర్రటి ఎండలో పెట్టి ఉంది. తాళం దానికే ఉంది. సత్తియ్య టీ తాగుతున్నాడు. నీడలోకి పెడతాను అన్నాను, పెట్టండి బాబూ అన్నాడు. నీడలోకే పెట్టాను. ఇంజిన్ ఆపలేకపోయాను. ఆపకుండా పోనిచ్చాను. సత్తియ్య తప్పేమీ లేదు, ఆయన్ని వదిలేయండి.

దారి ఎటు అనుకోలేదు. హైవే ఎక్కాను, రావులపాలెం వైపు వెళ్లాను, వశిష్ఠ వంతెన దాటి మళ్లీ వెనక్కి తిప్పుకొచ్చాను. యాప్ ఆన్ చేయలేదు. ఎస్సై గారు ఫోన్ చేసి కారు తీసుకురమ్మన్నప్పుడు జొన్నాడ దగ్గర ఉన్నాను. వెంటనే తెచ్చి అప్పగించాను. కారు మీద గీత కూడా పడలేదు.

టోల్ గేటు దగ్గర కెమెరాలో పడిన ఫోటో హెడ్ కానిస్టేబుల్ డేనియల్ గారు నాకు చూపించారు. అందులో నా పక్కన ఒక ఆడమనిషి ఉంది. ముఖం అద్దం మెరుపులో కనబడదు. కాళ్లు మాత్రం డాష్‌బోర్డు మీద ఉన్నాయి, చేతిలో కొరికిన జామకాయ ఉంది. ఎవరని అడిగారు. పాసింజర్ అన్నాను.

"పాసింజర్ ముందు సీట్లో కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుంటదేంటయ్యా?" అన్నారు డేనియల్ గారు.

పేరు చెబితే నీకే మంచిది అన్నారు. తెలుసు. పేరు చెబితే ఇది దొంగతనం కాదని తేలిపోతుంది. కానీ మా బావగారు అదే గదిలో బల్ల మీద కూర్చుని ఉన్నారు. పేరు చెప్పకుండా గంటసేపు ఊరుకున్నాను. పేరు చెప్పను, కేసు కట్టుకోండి అని కూడా అన్నాను. ఆ తర్వాత మా అక్క ఆటోలో తానే స్టేషన్‌కు వచ్చింది. ఇక దాచడానికి ఏమీ లేదు కాబట్టి జరిగింది చెబుతున్నాను.

దుకాణం దగ్గర నుంచి కదిలాక నేను నేరుగా మా అక్క ఇంటికి వెళ్లాను. నిలదీద్దామనే వెళ్లాను. హారన్ కొట్టగానే బయటికి వచ్చింది. చేయి కూడా తుడుచుకోలేదు.

"ఎక్కడికిరా?" అంది.

"తెలీదక్కా" అన్నాను.

గేటు గడియ పెట్టేసి ముందు సీట్లో ఎక్కింది. తన పేరున్న కారులో అక్క ఎక్కడం అదే మొదటిసారి. అది నాకు సిగ్గుగా అనిపించింది. నేను కూడా ఎప్పుడూ రమ్మనలేదు. హైవే మీద బుట్టలో జామకాయలు అమ్ముతుంటే ఆపమంది. కొనుక్కుని చెప్పులు విప్పి కాళ్లు పైన పెట్టుకుంది. వంతెన మీద చెప్పింది.

"చదవకుండా పెట్టానని అనుకోకు తమ్ముడూ. చదివే పెట్టాను. పెట్టకపోతే ఆ ఇంట్లో నాతో ఎవరూ మాట్లాడరు. పండగలకి పుట్టింటికి పంపరు. పోయినసారి అలాగే చేశారు. నువ్వు కంపెనీ పెట్టావు, నా నెత్తిన పెత్తనం పెట్టావు. అది మొయ్యడానికి నాకు బలముందా అని అడిగావా?"

నిలదీయడానికి వెళ్లినవాడిని నేను. ఇంకొంచెం దూరం పోనియ్యి అంది. ఇంకొంచెం, ఇంకొంచెం అని మూడు ఊళ్లు దాటించింది. ఎస్సై గారి ఫోన్ వచ్చాక జొన్నాడ సెంటర్లో దిగిపోయింది. నేనొచ్చానని మీ బావకి చెప్పకు, చెబితే నాకు నరకం అంది. సరే అన్నాను.

స్టేషన్‌కు వచ్చి మా బావగారి ఎదుటే ఎస్సై గారితో ఆమె అన్న మాటలు ఇవి: "ఆ కాళ్లు నావేనండి. కారు పోనియ్యమంది నేనే. కంపెనీలో పెద్ద వాటా నాదేనంట గదండీ, మరి నేను చెబితే దొంగతనం ఎలా అవుద్ది?" మా బావగారు ముఖం ఎర్రగా చేసుకుని, "ఇంటికి పద, అక్కడ మాట్లాడుకుందాం" అన్నారు. ఆమె ఆయన వైపు చూడలేదు. బయటికి వెళ్లి ఆవరణలో ఉన్న కారులో కూర్చుంది.

ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని మా బావగారు ఇప్పుడంటున్నారు. నాకు కేసు తప్పిందని డేనియల్ గారు భుజం తట్టారు. నాకు సంతోషం రావడం లేదు. నా ఐడీ బతికింది, దానికి మా అక్క తన ఇంటి గడప పోగొట్టుకుందేమో అని ఉంది. ఆమెను మా ఇంటికి వెళ్లమని యాప్‌లో వేరే కారు బుక్ చేశాను. అది వచ్చి గేటు దగ్గర ఆగింది. ఆ డ్రైవర్ నాకు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. ఆమె అందులో ఎక్కడం లేదు.

కారు ఎవరి స్వాధీనంలో ఉండాలో తేలేవరకు కదపకూడదని ఎస్సై గారు ఆదేశించారు. కదపను. తాళాలు ఆయన బల్ల మీదే ఉన్నాయి. కానీ మా అక్కను ఆ కారులోంచి దిగమని నేను చెప్పను.

ఇది నేను నా నోటితో చెప్పగా రాశారు, తిరిగి చదివి వినిపించారు. ఎవరి బలవంతమూ లేదు. పాసింజర్ అని మొదట నేను చెప్పిన మాట అబద్ధం, దాన్ని ఇక్కడ సరిచేశాను. మిగిలినదంతా జరిగింది జరిగినట్టు చెప్పాను.

సం/-
కొత్తపల్లి గణేష్‌బాబు