మేడమీది నెట్

కొత్త రౌటర్‌లో పచ్చదీపం వెలిగినా ఇంట్లో ఎవరికీ నెట్ రావడం లేదు. మనవరాలు మాత్రం చిటికెలో కారణం పట్టేసింది.

"ఫోన్లన్నీ పాత పేరే వెతుక్కుంటున్నాయి నాయనమ్మా! దీనికీ అదే పేరు, అదే పాస్‌వర్డ్ పెట్టేస్తే వాటంతటవే అందుకుంటాయి. మేడమీద బాబాయికి కూడా. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు."

"అయితే పాతది పెట్టకు."

"అదేంటి? బాబాయికి ఆఫీసు పని ఆగిపోదూ?"

"ఆగనీ. మీ నాన్నతో మాటా మాటా అనుకుని, మూడు నెలలుగా ఈ గుమ్మం తొక్కడం లేదు. ఇవాళ అడగడానికైనా దిగుతాడు."

"నాకు ఫోన్ చేస్తే?"

"మర్చిపోయానను."

మనవరాలు నవ్వుకుంటూ కొత్త పాస్‌వర్డ్ పెట్టి, కాగితం మీద రాసిచ్చింది.

"జాగ్రత్తగా దాచుకో."

"నాకెందుకే? మీ నాన్న చొక్కా జేబులో పెట్టు."