ముందే వచ్చిన నవ్వు

ఆ ఉదయం ఆకాశం మబ్బు పట్టి ఉంది. కురవలేదు, తెరిపీ ఇవ్వలేదు. టీవీకి హాస్య సీరియల్ మొదటి భాగం తీసిన దర్శకుడు, అందులో హీరో వేషం వేసిన తన బావ ఇంటికి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

“ఏరా, మొహం అలా వేలాడేశావేం? చానల్ వాళ్లు ఏమన్నారు?”

“వద్దన్నారు బావా.”

“జనం విరగబడి చూసిన సినిమా కదరా! దాన్నే సీరియల్ చేస్తే వద్దంటారా?”

“నువ్వు మాట అనకముందే నవ్వులు వినిపిస్తున్నాయట.”

“అది నా మొహం చూసి నవ్వడం.”

“కాదు బావా. షూటింగులో నవ్వడానికి మన చుట్టాలనే కూర్చోబెట్టాం కదా. ఊపు రావాలని ముందురోజు వాళ్లకి ఆ సినిమా వేసి చూపించాను. మాటలన్నీ నోటికొచ్చేశాయి.”

“అంటే, వాళ్లు నవ్వింది ఆ సినిమా హీరో మాటలకా?”

“తప్పు నాదే బావా.”

“భలే ఊపు తెచ్చావురా, కొంప ముంచేశావు! ఆ నవ్వులు విని నేను కొట్లో పని మానేశాను.”

“మళ్లీ అడిగి చూడు.”

“నా చోట అప్పుడే ఇంకొకణ్ణి పెట్టుకున్నారు.”

“అక్క ఏమంది?”

“మెల్లగా మాట్లాడు. తనకింకా చెప్పలేదు. సీరియల్ ఖాయమయ్యాక చెబుదామనుకున్నా.”

వంటింటికీ ఆ గదికీ మధ్య తలుపు లేదు. కాసేపటికి వంటింట్లోంచి అక్క మూడు కంచాలు తెచ్చి పెట్టి, భర్తకే ముందు వడ్డించింది. ముగ్గురూ తలలు వంచుకుని తిన్నారు.